గుఱ్ఱమెవరిదైనను కళ్లెమెవరిది?

హిందూపురమునుండి ధర్మవరమునకు రైలులో పోవువారికి పెనుకొండ స్టేషనులో రెండు దృశ్యములు కనబడును. ఒకటి కొండ. 1565లో తళ్ళికోట యుద్ధము ముగిసిన పిమ్మట విజయనగర ప్రభువులు రాజధానిగా జేసికొన్న దుర్గ మదియే. రెండవది, క్రొత్త కార్లను దేశము నలుమూలలకు మోసికొనిపోవు మూతబండ్ల వరుస. ఆ కార్లు ఎఱ్ఱమంచి పొలములలో లేచిన కియా కర్మాగారమునుండి వచ్చునవి. వాని ముఖము చూచి పసివాడైనను పేరు చెప్పగలడు. కాని ఆ ముఖము నెవరు గీసిరి? ఎచట గీసిరి? రేపు దానిని మార్పవలెనన్న ఎవరి యనుజ్ఞ కావలెను? ఈ ప్రశ్నలు మన తాలూకాలలో ఎవరును వేయుచున్నట్లు లేదు. అమెరికాలో మాత్రము ఇట్టి ప్రశ్నయే కొన్ని యేండ్లుగా పెద్ద రభసకు కారణమైనది. ఆ కథ మనవారు వినదగినది.

అమెరికనులు 'మజిల్ కార్లు' అని ముద్దుగా పిలుచుకొను కార్లు కొన్ని గలవు. కండగల కార్లని యర్థము. మధ్యరకపు కారులో పెద్ద కారున కుండవలసిన బలిష్ఠమైన యింజనును దింపి, పడుచువారి చేతి కందు వెలకు అమ్ముటయే వీని పుట్టుక. 1964లో జనరల్ మోటార్సువారి పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ వేడుక రాజుకొన్నదని సాధారణముగా చెప్పుదురు. క్రైస్లరు కంపెనీకి చెందిన డాడ్జి శాఖ చార్జరును 1966 నమూనాగను, ఛాలెంజరును 1970 నమూనాగను విడుదల చేసెను. చార్జరనగా యుద్ధాశ్వము. ఫోర్డువారి మస్టాంగు అడవి గుఱ్ఱము. ఆ జాతివారికి గుఱ్ఱముపై మమకార మంతటిది. నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా, ఆంగ్లపు వి అక్షరమువలె వాలియుండు ఎనిమిది సిలిండర్ల ఇంజను ఈ కార్లకు గుండెకాయ. దానిలో లోపలి కప్పు అర్ధగోళాకారముగ నుండు రకమునకు 'హెమి' యని పేరు. 1966లో అది వీథికార్లకు వచ్చినపుడు దాని శక్తి 425 అశ్వములని కంపెనీయే ప్రకటించెను.

ఈ కార్లు మలుపులలో సొగసుగా తిరుగవు. పెట్రోలును నీళ్ళవలె త్రాగును. నలుగురు పిల్లలు గల గృహస్థునకు పనికివచ్చునవి కావు. అయినను వానిని ప్రేమించువారు ప్రాణముగా ప్రేమింతురు. ఏమి చూచి యన, చూచి కాదు, విని. మన పల్లెలలో బుల్లెట్టు మోటారు సైకిలు ఊరి చివరనుండగానే అరుగుమీది వృద్ధుడు తలయెత్తక "ఫలానావాడు వచ్చుచున్నాడు" అనును గదా! ఆ ఎనిమిది సిలిండర్ల గర్జన అమెరికనుల కట్టిది. ఆ శబ్దము పోయిన యెడల మిగిలినది తక్కిన వానివంటి ఒక కారు మాత్రమే.

ఇక యాజమాన్యపు సంగతి. 1998లో జర్మనీలోని డైమ్లర్-బెంజి కంపెనీ క్రైస్లరుతో కలిసినది. సమానుల కలయిక యని నాడు చాటిరి; పెత్తనము జర్మనులదని అనతికాలముననే తేలినది. 2007లో సెర్బెరస్ యను అమెరికా పెట్టుబడిదారు లెత్తుకొనిరి. 2009లో క్రైస్లరు దివాలా తీసెను. ఇటలీలోని ఫియట్టువారు ప్రవేశించి, 2014 నాటికి మొత్తము తమదిగా చేసికొనిరి. 2021 జనవరిలో ఈ ఉమ్మడి కుటుంబము ఫ్రాన్సులోని ప్యూజో కుటుంబముతో ఏకమై 'స్టెలాంటిస్' అను నామమును ధరించెను. దాని పీఠము నెదర్లాండ్సులో. ఒక్క యింటి క్రింద పదునాలుగు పేర్లు! డెట్రాయిటు ప్రాంతమున పుట్టిన యుద్ధాశ్వము ఆ పదునాలుగింటిలో ఒకదానిది.

2022లో క్రొత్త పెద్దలు తమ నిర్ణయమును ప్రకటించిరి: పాత చార్జరు, ఛాలెంజరు ఇక చాలును, రాబోవునది విద్యుత్తు కారు. ఆ రెండు కార్లును కెనడాలోని బ్రాంప్టను కర్మాగారమున తయారగుచుండెను. 2023 డిసెంబరులో ఆ వరుస ఆగిపోయెను. 2024లో విద్యుత్ చార్జరు వెలువడినది. వేగమునకు లోటు లేదు. అయితే విద్యుత్తు మోటారు గర్జింపదు గదా! అందుచేత శబ్దమును పుట్టించి గొట్టముల గుండ వెలికి పంపు యంత్ర మొకటి అమర్చిరి. దానికి 'ఫ్రాట్జానిక్' అని యొక బిరుదు. పొగ లేని బండికి పొగగొట్టపు మ్రోత! వీథినాటకములో వేషగాడు పెట్టుకొన్న మీసమువంటిదని పాత అభిమానులు నవ్విరి. తరువాత కొనుట మానిరి. 2024 డిసెంబరులో ఆ సంస్థాధిపతి కార్లోస్ తవారెస్ పదవిని విడిచెను. 2025లో హెమి ఇంజను అదే సంస్థవారి రామ్ ట్రక్కులోనికి తిరిగి వచ్చినది. చార్జరునకు సైతము ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనును పెట్టిరి. ఎనిమిదింటికి బదులు ఆఱు. అదియు ఒక రాజీయే.

లేపాక్షి వీరభద్రాలయములో నేల నంటక వ్రేలాడు స్తంభమును పాఠకులు చూచియే యుందురు. దాని రహస్యమును కనుగొన నెంచి ఒక ఆంగ్ల ఇంజనీరు దానిని కదలింపగా కప్పంతయు కంపించినదని మన ప్రాంతమున చెప్పుకొందురు. కథ నిజమో కాదో మేము విచారింపబోము. ఏది అనవసరముగా వ్రేలాడుచున్నదని బయటివానికి తోచునో, కట్టడమంతయు దానినే ఆధారముగా జేసికొని యుండవచ్చునని చెప్పుటకు ఇంతకంటె మంచి యుపమానము మాకు దొరకలేదు.

ఇంతవరకు విని మన స్వదేశాభిమానులు "చూచితిరా! పరదేశీయుని చేత బడినచో ఇంతే" అని తొడ చరచవచ్చును. అమెరికనులలో పలువురు అట్లే యనిరి. మేమును మొదట అట్లే తలచితిమి. కాని చరిత్ర పుటలను త్రిప్పిచూడగా సంగతి అంత సులభముగా లేదు. మొదటి మజిల్ కార్ల వంశమును అమెరికనులే అమెరికాలో అంతము చేసికొనిరి. 1970 నాటి వాయుశుద్ధి చట్టము, 1973 నాటి చమురు కఱవు, భీమాకంపెనీల హెచ్చు రుసుము, ఈ మూడును కలిసి అయిదారేండ్లలో ఆ కార్ల కండ కరగించినవి. 1978లో ఛాలెంజరను పవిత్రనామమును ఎవరికి తగిలించిరో తెలియునా? జపానులో మిట్సుబిషివారు చేసిన నాలుగు సిలిండర్ల చిన్న కారునకు! ఆ పని చేసినది విదేశీయుడు కాదు, సాక్షాత్తు అమెరికన్ క్రైస్లరు. వేడుకకు నాంది పలికిన పాంటియాక్ అను పేరునే 2010లో జనరల్ మోటార్సు మూసివేసినది. దానికిని ఏ పరదేశీయుని చేయి సాయము కాలేదు.

మఱి యుద్ధాశ్వమునకు మరల గడ్డి వేసిన దెవరు? జర్మనుల యేలుబడిలో హెమి పేరు తిరిగి లేచినది. మెర్సిడెసు కార్లనుండి తెచ్చిన భాగములతో కూడిన చట్రముపై 2005లో చార్జరు పునర్జన్మ మెత్తెను. 2008లో ఛాలెంజరు పాత రూపముతో వచ్చెను. ఇటలీవారి హయాములో, 2014లో, 707 అశ్వముల 'హెల్‌క్యాట్' వెలసినది. 1966 నాటి ఘనతయంతయు దానిముందు చిన్నబోయినది. 2022 నాటి నిర్ణయమునకు సైతము పరదేశపు యాజమాన్య మొక్కటియే కారణము కాదు. ఐరోపాలోను అమెరికాలోను పొగపై నిబంధనలు బిగియుచుండెను, మితిమీరి పెట్రోలు త్రాగు కార్లపై జరిమానాలుండెను. 2025లో అమెరికా ప్రభుత్వము ఆ జరిమానాలను సున్న చేయగానే ఎనిమిది సిలిండర్లకు మరల మంచిరోజులు వచ్చుట కాకతాళీయము కాదు.

కావున రోగము పరదేశీయతలో లేదు. జర్మనులును ఇటలీవారును ఆ కారు నెఱిగిన మిషిగన్ ఇంజనీర్ల చేతనే దానిని చేయించిరి. పదునాలుగు పేర్లు ఒక్క బల్లమీదికి చేరిన తరువాత లెక్క మారినది. ఒకే చట్రముపై చార్జరును నిలుపుదురు, జీపును నిలుపుదురు. ఆదా యెంతయని చూతురు. ఆ బల్లకడ కూర్చున్నవానికి గర్జన యొక ఖర్చు పద్దు. పగ్గము పట్టినవాడు గుఱ్ఱమెక్కి యెఱుగడు. ఎక్కినవానికి పగ్గముతో ప్రమేయము లేదు.

దీనికి ఎదురు సాక్ష్యము మన యొద్దనే యున్నది. బుల్లెట్టు ఇంగ్లండులో పుట్టినది. రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డువారి సహకారముతో 1955లో మదరాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా యేర్పడెను. పదునైదేండ్లు గడచునంతలో ఇంగ్లండులోని తల్లి కంపెనీ అంతరించినది. మదరాసు బిడ్డ బ్రతికినది. 1994లో ఐషరు సంస్థలో అది విలీనమయ్యెను. కొన్నియేండ్లకు పొగ నిబంధనల మూలమున పాత పోతయినుప ఇంజను పోయినది. క్రొత్త ఇంజను చప్పుడు పాతదానివలె లేదని గొణుగువారు నేటికిని గలరు. అయినను బుల్లెట్టు బుల్లెట్టుగనే యున్నది. ఇంగ్లీషువాని దృష్టిలో మనమే పరదేశపు యజమానులము గదా! వాని గుఱ్ఱమును మనము చెఱుపలేదు. ఏలన, దాని నెక్కువారును, చేయువారును, అమ్మువారును ఒకే దేశమువారు. ఒకని మాట యొకనికి వినబడినది.

తక్కెడ రెండవ సిబ్బెలో అంబాసిడరును పెట్టవలసి యున్నది. మన జిల్లాలలో భూస్వామి వాకిట, కలెక్టరు కచ్చేరి ముందు, పెండ్లి ఊరేగింపున నిలిచిన కారు అదియే. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు అచ్చును తెచ్చుకొని హిందూస్థాన్ మోటార్సువారు 1957 మొదలు బెంగాలులోని ఉత్తరపాడలో దానిని చేయజొచ్చిరి. యజమాని స్వదేశీయుడు, కూలి స్వదేశీయుడు, కొనువాడు స్వదేశీయుడు. ఏబది యేండ్లకు పైగా పేరు నిలిచినది; కారు మాత్రము పెరుగలేదు. కొనువాడు క్యూలో నిలిచియున్నంత కాలము మార్చవలసిన అవసరమేమి? 2014 మేలో ఆ కర్మాగారము పని నిలిపెను. మన దేశమున మజిల్ కారనదగినది ఏదైన కలదన్న అది ఆ కంపెనీవారి కాంటెస్సాయే యని యభిమాను లందురు. 1984లో వచ్చినది, 2002లో పోయినది. దాని దేహము ఇంగ్లండువారి వాక్సాలుది, తరువాత చేరిన గుండె జపానువారి ఇసుజుది. దానిని చంపినదియు ఏ పరదేశీయుడును కాడు.

2017లో అంబాసిడరను పేరును 80 కోట్ల రూపాయలకు ప్యూజోవారికి అమ్మిరి. ఆ ప్యూజో నాలుగేండ్లకు స్టెలాంటిస్‌లో కలిసినదని పైన చెప్పితిమి. ఆ కొనుగోలు మూలమున డెట్రాయిటు యుద్ధాశ్వమును, మన వాకిటి తెల్లకారును ఒక్క యింటి గొలుసునకే చేరినవి. చార్జరు కొఱకు అమెరికనులు రచ్చ చేసిరి. కోట్ల డాలర్లు గల కంపెనీ వెనుకకు అడుగిడినది. అంబాసిడరు కొఱకు మనలో ఎవరైన గొంతెత్తిరా? మా యెఱుకలో లేదు.

ఇక పెనుకొండకు వత్తము. కియావారి కథ యుపదేశప్రాయమైనది. 1944లో సియోలునందు సైకిలు భాగములు చేయుచు ఆ సంస్థ మొదలైనది. 1997 నాటి ఆర్థికోత్పాతమున దివాలా తీసినది. మరుసటి యేడు దాని ప్రతిద్వంద్వి హ్యుండాయి దానిని కొనివేసినది. నాడు కియా కార్లకు చౌక యను పేరు తప్ప వేఱు పేరు లేదు. 2006లో వారు జర్మనీ చిత్రకారుడగు పీటర్ ష్రయ్యరును పిలిపించుకొనిరి. ఆయన కార్లకు పులిముక్కు పెట్టెను. నేడు మన బాలురు గుర్తుపట్టునది ఆ ముక్కునే. చూచితిరా! ముఖము పరదేశీయుడు గీసినదే, కాని గీయుమని చెప్పినది సియోలు, గీసినదానిని ఒప్పుకొన్నది సియోలు. విజయనగర ప్రభువులు సైతము ఇట్లే చేసిరి. అరబ్బు, పారశీక దేశముల గుఱ్ఱములు భట్కలు, గోవా రేవులలో దిగుచుండెను. పోర్చుగీసువాని వద్ద కొనుటకు రాయలు సిగ్గుపడలేదు. కళ్లెము మాత్రము మన రౌతు చేత నుండెను.

2017 ఏప్రిలులో కియావారికిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును ఒడంబడిక జరిగెను. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు. స్థలము 536 ఎకరములు. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల సామర్థ్యము. వేరుసెనగ సైతము వాన దయపై పండు సీమలో కర్మాగారమునకు నీరెట్లన్న, హంద్రీ-నీవా కాలువనుండి గొల్లపల్లి జలాశయమునకు తెచ్చి యిచ్చిరి. 2019 ఆగస్టులో సెల్టోసు కారు వెలువడెను. అదే యేడు డిసెంబరు 5వ తేదీన ప్రారంభోత్సవము. 2023 జూలైలో పదిలక్షలవ కారు. నాటి అనంతపురము జిల్లా 2022లో విడిపోగా ఈ సీమ శ్రీ సత్యసాయి జిల్లా యైనది. రెండు ప్రభుత్వముల కాలమున పని సాగినది. ఎవరి ఘనత యెంతయని తూచుట మా పని గాదు. కఱవుకు వలసపోవు సీమకు బండ్లు కట్టుకొని జీతము వచ్చినది. దీనిని తక్కువ చేయువాడు రాయలసీమను చూడనివాడు.

కాని ధర్మవరపు నేతకాని నడిగి చూడుడు. హిందూపురపు అంగడిలో కొన్న పట్టుగూళ్ళ దారము వచ్చును, మగ్గము వచ్చును, ఒడుపు గల చేయి వచ్చును. అంచుమీది హంసయో, కొంగుమీది బుటాయో ఎచటినుండి వచ్చును? జాకార్డుపై కట్టు డిజైను అట్టల నుండి. ఆ అట్టలకు చిల్లులు పొడిచినవాడు ఏది కోరునో అదియే చీరపై పడును. అట్టలు ధర్మవరమున పొడిచినంత కాలము అది ధర్మవరపు చీర. అట్టలు సాహుకారు ఇంట చేరి, అచ్చటినుండి మరమగ్గములకు పోయిననాడు ఏమగునో మన నేతగాండ్రకు అనుభవమే. 1985లో చేమగ్గములకు కొన్ని నేతలను ప్రత్యేకించి చట్టము చేయవలసి వచ్చినది అందులకే. ఆ చట్టమునకు ఎంత విలువ యిచ్చుచున్నారో సంత కేగి చీరల నంటి చూచిన తెలియును.

ఎఱ్ఱమంచి మగ్గము గొప్పది. దాని అట్టలు కొరియాలోని నామ్యాంగు పరిశోధనశాలలో పొడువబడుచున్నవి. హైదరాబాదునందును హ్యుండాయివారి ఇంజనీరింగు కేంద్రము కలదు, అచట మన యువకులు పనిచేయుచున్నారు, ఇది సంతోషము. వేసవిలో సీటులోనుండి చల్లగాలి వచ్చు ఏర్పాటు సెల్టోసులో పెట్టుటనుబట్టి మన యెండ సంగతి ఎవరో వారి చెవిన వేసిరని తోచుచున్నది. అయితే 2019లో మన శాసనసభ చేసిన చట్టమును చూడుడు. పరిశ్రమలలో నూటికి 75 ఉద్యోగములు స్థానికుల కీయవలెననిరి. చేతుల లెక్క వ్రాసిరి, ఆలోచనల లెక్క వ్రాయలేదు. నామ్యాంగు బల్లకడ మనవాడొక్కడు కూర్చుండవలెనని అడుగుటకు ఒడంబడికలు వ్రాయించిన పెద్దలకు తోచలేదు కాబోలును. భూమి, నీరు, కరెంటు, పన్ను రాయితీ, ఇన్ని యిచ్చునపుడు ఇది అడుగుటకు మొగమోటమేల?

మద్రాసు సమీపమున మఱైమలై నగరులోని ఫోర్డు కర్మాగారమును మనవారు మఱచియుండరు. 1990 దశకమున వచ్చిరి. ఊరు పెరిగినది, అద్దెలు పెరిగినవి. 2021 సెప్టెంబరులో ఇక భారతమున కార్లు చేయబోమని అమెరికాలో ప్రకటించిరి; మరుసటి యేటికి కర్మాగారము మూతపడెను. జనరల్ మోటార్సు అంతకుముందే, 2017లో, ఇచ్చట కార్లమ్ముట మానినది. లెక్క అచట తప్పినది, పొయ్యి ఇచట ఆరినది. కియావారు అట్లు చేయుదురని మేము శంకించుట లేదు. అమ్మకములు బాగుగ నున్నంతకాలము ఎవరును అట్లు చేయరు. బ్రాంప్టను కార్మికులును అమ్మకములు బాగున్నవనియే తలచిరి.

వీని నెఱిగియే మేము కోరుచున్నాము. ఎఱ్ఱమంచిలో కార్లు బిగించుటయేగాక గీయుటకును ఒక శాల యుండవలెను. అనంతపురములో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ మున్నది. మడకశిర దారి గోతులను, మిట్టమధ్యాహ్నపు పెనుకొండ బండలను, నలుగురితో పాటు ఆముదాల బస్తా యొకటి వేసికొను రైతును ఎఱిగిన పిల్లలు అందు చదువుచున్నారు. వారు గీసినది మొదట పనికిరాకపోవచ్చును. సియోలు సైకిలు భాగములతో మొదలిడినప్పుడు పులిముక్కు దానికి మాత్రము తెలియునా? శాసనసభ్యులును, లోకసభ సభ్యులును కర్మాగారమునకు విచ్చేసి పూలమాలలు వేయించుకొనునప్పుడు ఈ మాట యొక్కటి అడిగిరావలెనని హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పౌరులు వారికి చెప్పి పంపవలసి యున్నది. బల్లలు నాలుగు, పటములు గీయువారు పదిమంది, ఒక పెద్ద గది. 536 ఎకరములలో ఆ చోటు దొరకకపోదు.